నీళ్ళన్నీ ఒకేసారి ఎందుకు తీసెయ్యరు?

పోయిన సంచికకి కథ ఇస్తానని ఎడిటర్ అక్కకి మాటిచ్చి తప్పాను. ఆ నెలలో సగం రోజులు నేను కాలేజీలో లేను. విజయవాడలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో, మా మావయ్య మంచం పక్కన ఉన్నాను. మావయ్యకి కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. కానీ జబ్బు ఊపిరితిత్తిది కాదు, లివర్‌ది.

అక్కడ అత్తయ్య నన్నొక మాట అడిగింది. "డాక్టర్లు ఇంగ్లీషులో ఏదేదో అంటున్నారు. నువ్వు చదువుకున్నోడివి కదా నాన్నా, అసలేం జరుగుతోందో తెలుగులో చెప్పు" అంది. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. ఫోన్‌లో చదివిందంతా నాకు అర్థమైనట్టే ఉంది. తీరా అత్తయ్యకి చెప్దామంటే ఒక్క వాక్యం కూడా పూర్తిగా రాలేదు. అప్పుడు తెలిసింది, నాకు అర్థమైందనుకున్నది కూడా సరిగ్గా అర్థం కాలేదని. తర్వాత అడిగి, చదివి నేర్చుకున్నాను. అందుకే ఈసారి కథ బదులు ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా పనికొస్తుందేమో. పనికి రాకూడదనే కోరుకుంటున్నాను.

ముందు మేం చేసిన పొరపాటు

మావయ్యది తణుకు దగ్గర ఊరు. ఎరువుల కొట్టు. వయసు 54. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. రెండేళ్ళ కిందట సిర్రోసిస్ అని తేలింది, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం. మావయ్య జీవితంలో మందు ముట్టలేదు. లివర్‌లో కొవ్వు పేరుకుని పేరుకుని అలా అయింది. అయినా చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అత్తయ్యని పక్కకి పిలిచి "తాగుతాడా?" అనే అడిగారు. మద్యం ఒక కారణం, నిజమే. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగర్‌తో పాటు వచ్చే ఫ్యాటీ లివర్ కూడా అంతే పెద్ద కారణాలు. ఈ ఒక్క ముక్క మీరు గుర్తుపెట్టుకున్నా చాలామంది అత్తయ్యలకి మేలు చేసినవాళ్ళవుతారు.

ఈ ఏడాది మావయ్యకి ఆయాసం మొదలైంది. కొట్టు మెట్లు ఎక్కలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడట్లేదని కుర్చీలోనే కూర్చుని నిద్రపోయేవాడు. ఎక్స్‌రే తీస్తే కుడివైపు సగానికి పైగా తెల్లగా ఉంది. సూది పెట్టి లీటరున్నర తీశారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత మావయ్య పడుకుని నిద్రపోయాడు. మేమంతా అయిపోయిందనుకున్నాం.

పన్నెండో రోజుకి మళ్ళీ ఆయాసం. మళ్ళీ అదే మంచం. మళ్ళీ లీటరున్నర తీసి ఆపేశారు. స్కాన్ తెర మీద ఇంకా నల్లగా నీరు కనిపిస్తూనే ఉంది. "ఇంకా ఉందిగా అమ్మా, అదీ తీసెయ్యండి" అని అత్తయ్య బతిమాలింది. డాక్టర్ వద్దన్నారు. బయట వరండాలో ఒక చుట్టం అన్నాడు, "మళ్ళీ మళ్ళీ రావాలని ఉంచుతారమ్మా. ఇంకో చోట గొట్టం వేసి వదిలేస్తారు, మొత్తం కారిపోతుంది."

నేనూ అదే నమ్మాను. ఫోన్‌లో వెతికితే ఛాతీలో గొట్టం పెట్టే పద్ధతి గురించి బోలెడు కనిపించింది. అది దేనికి వాడతారో చూడకుండా డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళి, "మీరు ట్యూబ్ ఎందుకు పెట్టట్లేదు?" అని కొంచెం గట్టిగానే అడిగాను. ఆవిడ కోప్పడలేదు. ఒక కాగితం తిప్పి వెనకవైపు బొమ్మ గీశారు. మిగతాదంతా ఆ బొమ్మ దగ్గర్నుంచే మొదలు.

లివర్ పాడైతే నీరెందుకు?

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తాన్ని లివర్‌కి తీసుకొచ్చే పెద్ద నాళం పేరు పోర్టల్ సిర. లివర్‌కి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వస్తే, అందులో ముప్పావు వంతు ఈ దారిలోనే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న లివర్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది కాబట్టి రక్తం హాయిగా దాటిపోతుంది. సిర్రోసిస్ వచ్చిన లివర్ మచ్చలతో గట్టిపడిపోతుంది. రక్తానికి దారి ఇరుకవుతుంది. వెనక నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. తూము మూసుకుపోతే కాలవ గట్లు ఎలా చెమ్మగిల్లుతాయో, అలా లివర్ పైనుంచి, పేగుల చుట్టూ ఉన్న సన్నని నాళాల నుంచి నీరు పొట్టలోకి ఊరుతుంది. పుస్తకాల తెలుగులో జలోదరం.

దీనికి తోడు రక్తంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని తయారుచేసేది లివరే. లివర్ నీరసిస్తే ఆల్బుమిన్ తగ్గుతుంది. నాళాల్లో నీరు నిలబడే శక్తి తగ్గుతుంది.

అసలు చిక్కు మూడోది. ఒత్తిడి పెరిగాక పేగుల వైపు రక్తనాళాలు వెడల్పైపోతాయి, చాలా రక్తం అక్కడే ఉండిపోతుంది. కిడ్నీల దగ్గరికి చేరేసరికి "ఒంట్లో రక్తం తక్కువైంది" అన్నట్టు కనిపిస్తుంది. కిడ్నీలు ఏం చేస్తాయి? ఉప్పుని, దానితో పాటు నీటిని బయటికి పోనీయకుండా దాచుకోవడం మొదలుపెడతాయి. నిజానికి ఒంట్లో నీరు తక్కువేమీ లేదు, ఎక్కువే ఉంది. మన భాషలో చెప్పాలంటే కిడ్నీ కోడ్‌లో బగ్ లేదు. దానికి వచ్చే ఇన్‌పుటే తప్పు. తప్పుడు ఇన్‌పుట్‌కి కరెక్ట్‌గా పనిచేస్తూ రోజూ కొత్త నీటిని చేరుస్తూ ఉంటుంది.

ఇది అర్థమైతే సగం అర్థమైనట్టే. మనం సూదితో తీసేది నిలవ ఉన్న నీరు. చేరే దారి మాత్రం తెరిచే ఉంది.

పొట్టలో నీరు ఛాతీలోకి ఎలా వెళ్ళింది?

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఇదే. పొట్టకీ ఛాతీకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు పొర ఉంటుంది. తెలుగులో ఉదరవితానం అంటారట. ఎంత మంచి మాటో చూడండి, పొట్టకి కట్టిన పందిరి. ఈ పందిరికి కొంతమందిలో కంటికి ఆననంత సన్నని సందులుంటాయి. ఎక్కువగా ఒక సెంటీమీటరు లోపు. మామూలుగా వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. పొట్టలో నీరు చేరి ఒత్తిడి పెరిగినప్పుడు ఆ సందులు సాగి తెరుచుకుంటాయి.

పైన ఛాతీలో ఊపిరితిత్తికీ పక్కటెముకల గోడకీ మధ్య ప్లూరా అనే రెండు పొరలు, వాటి మధ్య సన్నని ఖాళీ ఉంటాయి. మామూలుగా అందులో ఉండే తడి 10, 20 మిల్లీలీటర్లే. ఆ ఖాళీలో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఇంకా తగ్గుతుంది. కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి పీల్చినట్టే. మావయ్య పీల్చిన ప్రతి ఊపిరీ పొట్టలోంచి కొంచెం నీటిని పైకి లాగుతోందన్నమాట. అది వినగానే మావయ్య వైపు చూడలేకపోయాను.

ఈ స్థితి పేరు హెపాటిక్ హైడ్రోథొరాక్స్. సిర్రోసిస్ ఉన్న నూరుమందిలో 5 నుంచి 10 మందికి వస్తుంది. వచ్చినవాళ్ళలో నూటికి 80 మందికి పైగా కుడివైపే. డయాఫ్రమ్ కుడి సగం లివర్‌ని ఆనుకుని ఉంటుంది, అక్కడ కండరం తక్కువ, పల్చటి పొర ఎక్కువ. కొంతమందిలో పొట్టలో నీరు అసలు కనపడదు కూడా. ఊరినది ఊరినట్టే ఛాతీ లాగేసుకుంటుంది.

ఇంకో సంగతి. పొట్ట సాగుతుంది కాబట్టి అయిదారు లీటర్లున్నా మనిషి ఎలాగో తిరుగుతాడు. ఛాతీ సాగదు. లీటరు, రెండు లీటర్లకే ఊపిరితిత్తి నలిగిపోయి ఆయాసం వచ్చేస్తుంది.

సూది ఎలా పెడతారు?

నేను బయట నిలబడాల్సింది, కానీ మావయ్య చెయ్యి వదల్లేదు, లోపలే ఉండమన్నారు. ఆసుపత్రిలో అందరూ దీన్ని ట్యాపింగ్ అనే అంటారు. మావయ్యని మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు పెట్టి దాని మీదకి వాలమన్నారు. డాక్టర్ గారు వీపు మీద అల్ట్రాసౌండ్ పెట్టి నీరెక్కడుందో, ఊపిరితిత్తి ఎక్కడుందో, లివర్ ఎక్కడుందో చూసి పెన్నుతో గుర్తు పెట్టారు. వెనకటి రోజుల్లో వీపు మీద వేలితో తట్టి, శబ్దాన్ని బట్టి చోటు ఎంచుకునేవాళ్ళు. ఇప్పుడు స్కాన్‌తో చూసి పెడుతున్నారు కాబట్టి ఊపిరితిత్తికి సూది తగిలే ప్రమాదం బాగా తగ్గింది.

చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. సూదిని రెండు పక్కటెముకల మధ్య, కింది ఎముక పై అంచుని రాసుకుంటూ పంపుతారు. ఎందుకంటే ప్రతి ఎముక కింది అంచున రక్తనాళాలు, నరం ఉంటాయి. తర్వాత సన్నని మెత్తటి గొట్టం లోపలుంచి సూది తీసేశారు. నిమ్మరసం కలిపిన నీళ్ళలాంటి లేత పసుపు రంగు నీరు సంచిలోకి దిగింది. మొత్తం అరగంట పట్టలేదు. మావయ్యకి నొప్పి కన్నా భయమే ఎక్కువైంది.

మాకింకో భయం కూడా ఉంది. మావయ్య రక్తం రిపోర్టులో గడ్డకట్టే పరీక్ష సరిగ్గా లేదు, ప్లేట్‌లెట్లు తక్కువ. "రక్తం ఆగకపోతే?" అని అడిగితే డాక్టర్ గారు చెప్పారు. లివర్ జబ్బులో రక్తం గడ్డకట్టించే పదార్థాలూ తగ్గుతాయి, గడ్డకట్టకుండా ఆపేవీ తగ్గుతాయి. ఆ పరీక్ష ఒకవైపే చూపిస్తుంది. అందుకే ఈ సూదికి ముందు అందరికీ ప్లాస్మా ఎక్కించాల్సిన పని లేదట. మనిషిని బట్టి నిర్ణయిస్తారు.

మొదటిసారి తీసిన నీటిలో కొంత ల్యాబ్‌కి పంపారు. లివర్ జబ్బు ఉన్నంత మాత్రాన ఛాతీలో నీరు దానివల్లే అనుకోకూడదు. టీబీ కావచ్చు, గుండె జబ్బు కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. నీటిలోనూ రక్తంలోనూ ప్రోటీన్, ఎల్‌డీహెచ్ పోల్చి చూస్తారు. 1972లో రిచర్డ్ లైట్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన తోటివాళ్ళు ఇచ్చిన సూత్రం అది, ఇప్పటికీ వాడుతున్నారు. నీటిలో ప్రోటీన్ రక్తంలో దానికి సగం కన్నా ఎక్కువ ఉంటే వాపో, ఇన్ఫెక్షనో అనుమానిస్తారు. లివర్ వల్ల చేరిన నీటిలో సాధారణంగా తక్కువే ఉంటుంది. టీబీ మన దగ్గర ఎక్కువ కాబట్టి దానికి ఏడీఏ అనే పరీక్ష కూడా చేస్తారు. తెల్లకణాలు లెక్కపెట్టి ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకిందేమో చూస్తారు. సోకితే అది ప్రాణం మీదకి వచ్చే సంగతి, వెంటనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాలి.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పాలనిపిస్తోంది. 1816లో స్టెతస్కోప్ కనిపెట్టిన ఫ్రెంచ్ డాక్టర్ రెనె లెనెక్ పేరు మనం క్విజ్‌లలో విన్నాం. 1819లో ఛాతీ శబ్దాల మీద ఆయన రాసిన పుస్తకంలోనే సిర్రోసిస్ అనే పేరు కూడా పుట్టింది. పసుపు, గోధుమ కలిసిన రంగుకి గ్రీకులో ఉన్న మాట నుంచి తీసుకున్నాడు, ఆ లివర్ అలాంటి రంగులో కనిపిస్తుందని. ఛాతీని వినడం నేర్పినవాడూ, ఈ లివర్ జబ్బుకి పేరు పెట్టినవాడూ ఒకడే. మావయ్య మంచం దగ్గర ఆ రెండూ కలిశాయి.

మరి మొత్తం ఎందుకు తియ్యరు?

ఇప్పుడు అత్తయ్య ప్రశ్నకి వద్దాం. రోజుల తరబడి నలిగి ముడుచుకుని ఉన్న ఊపిరితిత్తిని ఒక్కసారిగా విప్పితే, దాని సన్నని రక్తనాళాలు తట్టుకోలేవు. వాటిలోంచి నీరు ఊపిరితిత్తి లోపలికే కారుతుంది. అప్పటిదాకా బయట ఉన్న నీరు ఈసారి గాలి ఉండాల్సిన గదుల్లోకే వస్తుంది. ఇది అరుదే, కానీ వస్తే ప్రమాదం. అందుకే చాలామంది డాక్టర్లు ఒక విడతకి లీటరున్నర దగ్గర ఆపేస్తారు. కొందరు మనిషిని గమనించుకుంటూ 2 లీటర్ల దాకా వెళ్తారు. ఈలోపు ఆగని దగ్గు వచ్చినా, ఛాతీలో బిగపట్టినట్టు అనిపించినా అక్కడితో ఆపేస్తారు. రెండోసారి మావయ్య దగ్గడం మొదలుపెట్టగానే ఆవిడ ఆపింది అందుకే. నేనేమో బిల్లు కోసం అనుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ మనుషులకి బీపీ ముందే తక్కువ. నీరు ఎక్కువగా ఒకేసారి తీస్తే రక్తనాళాల్లో ఉన్నది అటు పరుగెత్తి బీపీ ఇంకా పడిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. పొట్టలోంచి 5 లీటర్లకి మించి తీసినప్పుడు లీటరుకి 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కించేది అందుకే.

అసలు సంగతి, ఊపిరి ఆడ్డానికి నీరంతా పోనక్కర్లేదు. లీటరు తీసినా మనిషి పడుకోగలుగుతాడు, అన్నం తినగలుగుతాడు, నాలుగు అడుగులు వెయ్యగలుగుతాడు. ట్యాపింగ్ చేసేది అందుకే. లోపల ఖాళీ అయ్యేదాకా తియ్యాలని కాదు.

గొట్టం పెట్టి వదిలేస్తే?

మామూలుగా న్యుమోనియా తర్వాత ఛాతీలో చీము చేరితే గొట్టం పెడతారు. చీము ఒక చోట నిలవ ఉంది, బయటికి పోవాలి. పోయాక ఆగిపోతుంది. మావయ్య విషయంలో అలా కాదు. కింద పొట్ట ఉంది, దాని వెనక గట్టిపడిన లివర్ ఉంది, దాని వెనక రోజూ ఉప్పు దాచే కిడ్నీలు ఉన్నాయి. గొట్టం తెరిస్తే మొత్తం ఆ దారిలోనే కారుతూ ఉంటుంది. ఆగదు. ఆగకపోతే గొట్టం తీయలేరు. బ్రేక్ లేని వైల్ లూప్ రాసి రన్ చేసినట్టే.

కారేది వట్టి నీరు కూడా కాదు. ఆ నీటిలో లీటరుకి 15 గ్రాముల ప్రోటీన్ ఉందనుకుందాం. ఒక కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములు. అంటే లీటరున్నర పోతే దాదాపు నాలుగు గుడ్ల ప్రోటీన్ పోయినట్టు. కండ కరిగిపోయి చేతులు సన్నబడిన మనిషి నుంచి అది రోజూ పోతే ఏమవుతుంది? రోగాన్ని ఎదుర్కొనే ప్రోటీన్లూ, లవణాలూ దాంతోనే పోతాయి. గొట్టం దారిలో ఇన్ఫెక్షన్ రావచ్చు. కిడ్నీలు పడిపోవచ్చు. అందుకే ఈ జబ్బులో మామూలు ఛాతీ గొట్టాన్ని వీలైనంతవరకు వద్దంటారు. వేరే వైద్యానికి వీల్లేని, చివరి దశలో ఉన్నవాళ్ళకి ఇంట్లోనే కొంచెం కొంచెం తీసుకునేలా ఒక సన్నని గొట్టం పెడుతుంటారు. అది సుఖం కోసం. దానికీ ఇన్ఫెక్షన్ భయం ఉంది.

చుట్టం మాట విని మేం ఆ రోజే వేరే చోటికి వెళ్ళిపోయేవాళ్ళం. అంబులెన్స్‌కి ఫోన్ కూడా చేశాం. ఈ వ్యాసం రాయడానికి నిజమైన కారణం అది.

నీరు చేరకుండా ఏం చెయ్యొచ్చు?

మొదటిది ఉప్పు. ఉప్పు వెంటే నీరు. రోజుకి సోడియం 2 గ్రాములు మించకూడదన్నారు. అంటే మొత్తం ఉప్పు 5 గ్రాములు, ఒక టీస్పూను. నవ్వొచ్చే సంగతేంటంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపే. మావయ్యది పథ్యం కాదు, మనమంతా తినాల్సిన తిండే. కానీ మా గోదావరి ఇంట్లో ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు లేకుండా విస్తరి వెయ్యరు. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ పెడితే లెక్క మొదటికొచ్చేస్తుంది. మొదటి ట్యాపింగ్ తర్వాత మేం చేసింది అచ్చంగా అదే. నీరసంగా ఉన్నాడు, నోటికి రుచిగా ఉంటుందని అత్తయ్య రెండు పూటలా పచ్చడి పెట్టింది.

దుకాణంలో తక్కువ సోడియం ఉప్పు దొరుకుతుంది కదా అని బావ తెచ్చాడు. అది వద్దన్నారు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మావయ్య వాడే మందు పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు.

రెండోది మాత్రలు. స్పైరొనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ అనే రెండు. కిడ్నీ దాచుకున్న ఉప్పుని బయటికి పంపిస్తాయి. మోతాదు ఎక్కువైతే కిడ్నీలే దెబ్బతింటాయి కాబట్టి బరువు, రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ మారుస్తారు. మనంతట మనం పెంచకూడదు, ఆపకూడదు.

మూడోది నొప్పి మాత్రలు. మావయ్య మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో డైక్లోఫినాక్ కొనుక్కుని వేసుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు. డైక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గించి, ఉప్పుని ఇంకా దాచేలా చేస్తాయి. సిర్రోసిస్ ఉన్నవాళ్ళు వాటి జోలికి వెళ్ళకూడదు. నాటు పసరులూ అంతే, కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి.

నాలుగోది తిండి మానిపించకపోవడం. లివర్ జబ్బు అనగానే పప్పు, గుడ్డు ఆపేసి గంజి పోస్తారు. అది తప్పు. కేజీ బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా తినాలి, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే కండ కరుగుతుంది.

ఇవన్నీ చేసినా నీరు మాటిమాటికీ చేరుతుంటే తర్వాతి మెట్టు టిప్స్. మెడ సిరలోంచి తీగ పంపి, లివర్ లోపల పోర్టల్ సిరకీ, రక్తం బయటికి వెళ్ళే సిరకీ మధ్య చిన్న లోహపు గొట్టంతో అడ్డదారి వేస్తారు. ఒత్తిడి తగ్గుతుంది, నీరు ఊరడం తగ్గుతుంది. కానీ లివర్ శుభ్రం చెయ్యాల్సిన రక్తం కొంత శుభ్రం కాకుండానే మెదడుకి చేరుతుంది కాబట్టి తికమక, మగత రావచ్చు. బాగా దెబ్బతిన్న లివర్ ఉన్నవాళ్ళకీ, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకీ పనికిరాదు.

పూర్తిగా నయం చేసేది లివర్ మార్పిడి ఒక్కటే. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవదానం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది. మావయ్య పేరు అక్కడ నమోదైంది. బతికున్నవాళ్ళు కూడా లివర్‌లో కొంత భాగం ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్ళలో మిగిలిన లివర్ కొన్ని నెలల్లో దాదాపు పాత సైజుకి పెరుగుతుంది. బావ ఇస్తానన్నాడు. బ్లడ్ గ్రూప్ కలిసింది. స్కాన్ చేస్తే బావకీ ఫ్యాటీ లివర్ తేలింది, 26 ఏళ్ళకే. ముందు 8 కేజీలు తగ్గి రమ్మన్నారు. ఇప్పుడు బావ రోజూ తెల్లారి కాలవ గట్టు మీద పరుగెడుతున్నాడు. హాస్టల్‌లో రాత్రి పన్నెండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టే మనం కూడా ఆలోచించుకోవాల్సిన విషయం.

ఇప్పుడు

మావయ్యకి ఇప్పటికి ఆరు ట్యాపింగులు అయ్యాయి. మొదట పన్నెండు రోజులకే వెళ్ళాల్సివచ్చింది. ఉప్పు, నొప్పి మాత్రలు సరిచేశాక పోయినసారి అయిదు వారాలు ఆగింది. జబ్బు తగ్గలేదు. మాకు టైం దొరికింది, అంతే. బావ బరువు తగ్గడానికీ, లిస్టులో ఒక నంబరు ముందుకి జరగడానికీ ఆ టైమే కావాలి.

ఇంట్లో వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం: జ్వరం, కడుపునొప్పి, హఠాత్తుగా పెరిగిన ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం లేదా పగలంతా మగత, నల్లటి విరేచనం, రక్తపు వాంతి. సూది పెట్టిన తర్వాత ఛాతీనొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా అంతే. మీకెవరికైనా అవసరమైతే ఇదే రాసుకోండి. డాక్టర్‌ని అడగాల్సినవి కూడా మూడున్నాయి: నీటిని పరీక్షకి పంపారా, ఎంత తీసి ఎందుకు ఆపారు, మళ్ళీ చేరకుండా తర్వాత ఏం చెయ్యబోతున్నారు. గొంతు పెంచకుండా అడిగితే చెప్తారు. నేను పెంచి అడిగినా ఆవిడ చెప్పారు.

నేను డాక్టర్ని కాదు, సెకండియర్ సీఎస్ఈ. ఇందులో ఉన్నది విషయం అర్థం చేసుకోవడానికి మాత్రమే. వైద్యం మాత్రం మీ డాక్టర్ మాట ప్రకారమే.

పోయిన వారం ఫోన్ చేస్తే అత్తయ్య వార్డులో ఎవరికో చెప్తోంది. "అంతా ఒకేసారి తియ్యకూడదమ్మా, ఊపిరితిత్తి తట్టుకోలేదు. ముందు మీ ఇంట్లో పచ్చడి జాడీ అటక మీద పెట్టెయ్యి." తర్వాత మావయ్య ఫోన్ తీసుకున్నాడు. "ఏరా అల్లుడూ, ఆపరేషన్ అయ్యాక ఒక్క ముద్ద ఆవకాయ అన్నం తినొచ్చో లేదో మీ డాక్టరమ్మని అడిగి చెప్పు" అన్నాడు.

అడిగాను. "ముందు అయ్యాక చూద్దాం" అన్నారు.